ఎద్దుతో చెప్పిన మాటలు

బాలప్పకు కామెర్లు వచ్చాయి. కష్టాలు మనుషులకు కాక మానులకు వస్తాయా, వస్తే వచ్చాయి అనుకోవచ్చు. కానీ వచ్చిన కాలం చూడండి! వానలు మొదలై వాగు పారుతోంది. బడులు తెరిచారు. పిల్లలు కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకున్న వారంలోనే ఇంటి యజమానికి కండ్లు పసుపు కొమ్ములయ్యాయి.

పిల్లలు ఇద్దరు. అనసూయ ఆరో తరగతి, విఠల్ రెండో తరగతి. ఊళ్లో చిన్న బడి ఉందన్నమాటే గానీ పంతులు అమాసకో పున్నానికో వచ్చేవాడు. అందుకని బాలప్ప ఇద్దరినీ నారాయణఖేడ్ బడిలో వేశాడు. పొద్దున్నే విఠల్‌ను సైకిల్ ముందు కడ్డీ మీద, అనసూయను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని, సంచులు హ్యాండిల్‌కు తగిలించి తొక్కుకుంటూ పోయేవాడు. సాయంత్రం మళ్లీ పోయి తెచ్చేవాడు. "ఆడపిల్లను ఖేడ్‌కు పంపి కలెక్టర్‌ను చేస్తవారా?" అని దారిలో ఎవరైనా అంటే, "చేస్తనో లేదో సూస్తుండుండ్రి" అని గంట కొట్టి మరీ పోయేవాడు.

అలాంటి మనిషిని ఖేడ్ దవాఖాన డాక్టర్ మంచానికి కట్టేశాడు. నూనె ముట్టొద్దు, ఎండకు పోవద్దు, సైకిల్ మాట ఎత్తొద్దు, నేను చెప్పేదాకా చప్పిడి పత్తెం అన్నాడు. ఇక పిల్లలను బడికి ఎవరు చేర్చాలి?

బాలప్ప భార్య రామవ్వ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. బస్సు వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. వచ్చినా బడి గంట కొట్టాక వస్తుంది. జీపు ఒకటి పోతుంది గానీ దాని వెనక వేలాడే మగవాళ్లను చూసి ఆమె మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగింది. ఎదురింటి నాగయ్య సైకిల్ మీద ఒక్క పిల్లను తీసుకుపోతానన్నాడు. రెండో పిల్లను ఏం చేసుకోవాలి, చూరుకు వేలాడదీసుకోవాలా? చివరికి తానే నడిపించుకుపోయింది. వాగులో విఠల్‌ను చంకనెత్తుకుని, అనసూయ చెయ్యి పట్టుకుని దాటించేది. ఇంటికొచ్చేసరికి రోగిష్టి మనిషి మంచినీళ్లు అందించే దిక్కులేక పడి ఉండేవాడు. కూలికి పోయే పొద్దు దాటిపోయేది.

ఒకరోజు అన్నం తింటూ అనసూయ, "అమ్మా, నేను ఇంట్లనే ఉంట. నాయినను సూసుకుంట. తమ్ముడు ఒక్కడే అయితే నాగయ్య మామ తీస్కపోతడు గద" అంది. మంచం మీద ఉన్న బాలప్ప ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడుస్తున్నాడని రామవ్వకు తెలుసు. ఆడపిల్ల ఒకసారి బడి ఆపిందంటే మళ్లీ పోవడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

నిజానికి ఊళ్లో ఖేడ్‌కు రోజూ పోయి వచ్చే బండి ఒకటుంది. ఊరి పాలన్నీ క్యాన్లలో పోసుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలకేంద్రానికి పోయే ఎడ్లబండి. సరిగ్గా బడి వేళకు పోతుంది, బడి విడిచే వేళకు మళ్లీ పోతుంది. దేవుడు చేసి పెట్టినట్టే ఉంది కదా! కానీ ఆ బండి శంకరప్పది. శంకరప్ప బాలప్పకు తోడబుట్టిన అన్న. అన్నదమ్ములకు మాటలు బందై ఏండ్లు గడిచాయి.

దేనికి బందయ్యాయో చెబితే నవ్వుతారు. పొలం గట్టు మీద ఒక తుమ్మచెట్టు. నాగలికి నేను కొట్టుకుంటానంటే నేను కొట్టుకుంటానని మాట మాట పెరిగింది. అంతటితో ఆగారా? బోరంచ నల్లపోచమ్మ జాతరకు పోయి, పెద్దమనుషులు వద్దురా వద్దురా అంటున్నా వినకుండా, తల్లి ముందు పసుపు చేతిలో పట్టుకుని ఒట్టు పెట్టుకున్నారు. ఇద్దరిలో ఎవడు ముందుగా మాట్లాడితే వాడి ఇంటికి కీడు జరగాలని! ఆ తుమ్మచెట్టును మరుసటి ఎండాకాలమే చెదలు తినేశాయి. ఒట్టు మాత్రం మిగిలింది. దాన్ని దింపుకోవాలంటే ఇద్దరూ కలిసి బోరంచకు పోయి తల్లికి చెప్పుకోవాలి. కలిసి పోదామని అడగాలంటే ముందు ఒకడు నోరు తెరవాలి. తలుపుకు తాళం వేసి తాళంచెవిని లోపలే పడేసిన తెలివి అన్నమాట! ఇంటి మీద పెట్టిన ఒట్టు కాబట్టి భార్యలకూ మాటలు లేవు. పిల్లల నోరు దేవుని నోరని పిల్లలను మాత్రం ఒట్టులో కలపలేదు.

"అనసూయను పంపి అడిగిపిస్త" అంది రామవ్వ.

"పెద్దోళ్ల పంచాదిల పిల్లను దింపకు" అన్నాడు బాలప్ప.

"మరి నువ్వు అడుగుతవా?"

బాలప్ప దుప్పటి సర్దుకున్నాడు. వద్దని మాత్రం అనలేదు. రామవ్వకు ఆ మాత్రం చాలు.

మర్నాడు పొద్దున్నే పాలబండి వచ్చే వేళకు ఆమె కొంగు నడుముకు చుట్టి వాకిలి ముందు దారికి అడ్డంగా నిలబడింది. శంకరప్ప పగ్గాలు లాగాడు. ఎటు చూడాలో తెలియక ఆకాశం వైపు చూశాడు. రామవ్వ దాపటి ఎద్దు ముందుకు పోయి రెండు చేతులు జోడించింది.

"బసవన్నా, నీకు దండం పెడ్త. మా ఇంట్ల మనిషి మంచం పట్టిండు. పిల్లల బడి ఆగెటట్టున్నది. నీ బండ్ల గింత జాగుంటె చెప్పు."

బసవడు చెవి ఆడించాడు. ఎదురింటి అరుగు మీద నాగయ్య కిసుక్కుమన్నాడు. శంకరప్ప కాసేపు మీసం నిమురుకుని, తానూ ఎద్దువైపే వంగాడు.

"బసవా, జాగున్నదని చెప్పు. క్యాన్ల నడుమ గడ్డి పరిచి కూసోబెడ్తం. పొద్దుగాల గీ వాకిట్లనే ఆగుతం. తయారుండాలె. పాలు మన కోసం ఆగయ్ అని గూడ చెప్పు."

అట్లా కుదిరింది ఏర్పాటు. పని ఆగలేదు, ఒట్టూ తప్పలేదు. ఊరు ఊరంతా కడుపుబ్బ నవ్వుకుంది. నవ్వుకోనీ, పిల్లలు బడికి పోతున్నారు.

మొదట్లో బాలప్పకు ఎడ్ల మెడ గంటల చప్పుడు వింటేనే ఒళ్లు మండేది. తన పిల్లలు ఆయన బండెక్కి పోవడమా అని దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. ముందటి అర్రలో మంచం. తలుపు తీస్తే దారి, తలుపు మూసినా మాటలు వినిపిస్తాయి. శంకరప్ప రోజూ బండి ఆపి ఎద్దుతో ఏదో ఒకటి చెప్పేవాడు. మొదట ఒక్క ముక్క. "బసవా, విఠల్‌గాని అంగీకి గుండీ లేదు." తర్వాత రెండు ముక్కలు. "బసవా, కామెర్లకు చల్ల మంచిది. మనింట్ల చల్ల ఉన్నది, చెంబు గద్దె మీద పెడ్తున్న." పోను పోను ముచ్చట పెరిగింది. కందికి పురుగు పట్టింది, గట్టు అవతల చేనుకు కూడా మందు కొట్టించానన్నాడు. గట్టు అవతల చేను బాలప్పది. సాయంత్రం పిల్లలను దింపేటప్పుడు, "బసవా, గీ పిల్లకు లెక్కలల్ల పంతులు శాబాష్ అన్నడంట. మన ఇంట్ల ఇసొంటిది పుట్టిందని చెప్పు" అన్నాడు. మన ఇంట్లో అన్న మాట దగ్గర బాలప్ప మంచం మీంచి తల ఎత్తాడు.

తండ్రి చిన్నప్పుడే పోయాడు. శంకరప్ప తన పలక పక్కన పెట్టి నాగలి పట్టుకున్నాడు, తమ్ముడిని మాత్రం బడి మాననివ్వలేదు. వాగు పొంగితే భుజాల మీద ఎక్కించుకుని దాటించేవాడు. ఇవన్నీ తుమ్మచెట్టు కింద ఎలా మరిచిపోయానని బాలప్ప మంచం మీద పడి ఆలోచించాడు. జబ్బు మనిషికి ఆలోచన తప్ప వేరే పనేముంది? దుప్పటి ముఖం మీదికి లాక్కోవడం మానేశాడు. గంటలు వినిపించే వేళకు లేచి కూర్చుని, చెవి తలుపుకు ఒగ్గేవాడు.

"నువ్వు గూడ ఒక్క మాట చెప్పరాదు ఎద్దుకు?" అంది రామవ్వ. "గాయిన రోజు చెప్తుండు. నీకు ఎద్దుతోని మాట్లాడనీకె గూడ నామోషీనా?"

నామోషీ కాదు. నోరు తెరిస్తే ఎద్దు పేరు కాదు, అన్నా అనే వస్తుందని భయం.

దసరా పోయాక డాక్టర్ బాలప్ప రెప్పలు ఎత్తి కండ్లు చూసి, నాలుక చూసి, "మంచిగైనవ్. ఇగ సైకిల్ తొక్కు, పని చేస్కో" అన్నాడు. సంతోషించాల్సిన మాటే. కానీ దవాఖాన మెట్లు దిగుతూ బాలప్ప నడిమెట్టు మీదే ఆగిపోయాడు. తాను సైకిల్ ఎక్కిన రోజు నుంచి ఆ బండి తన వాకిట్లో ఆగదు. ఆగకపోతే ఆ గొంతు కూడా వినిపించదు. ఇంటికొచ్చి భార్యతో, "ఇంకొన్ని దినాలు ఆగమన్నడు" అని అబద్ధం చెప్పాడు.

చూడండి విడ్డూరం! ఒకప్పుడు రోగమొచ్చిందని ఏడ్చినవాడు ఇప్పుడు రోగం పోయిందని ఏడుస్తున్నాడు. పొద్దున బండి పోయేదాకా మూలుగుతూ పడుకునేవాడు. రామవ్వ కూలికి పోయాక మధ్యాహ్నం సైకిల్ తీసి చేనుదాకా తొక్కి వచ్చేవాడు. ఒకసారి సెలవు రోజున విఠల్ చూడనే చూశాడు. "అమ్మకు చెప్పకురా, బిడ్డా" అని బాలప్ప వాడికి బెల్లం ముక్క పెట్టాడు.

అట్లా ఎన్నాళ్లు సాగేదో గానీ, ఒకరోజు పొద్దున విఠల్ పలక ఎక్కడ పెట్టాడో కనబడలేదు. ఇల్లంతా వెతికేసరికి పొద్దెక్కింది. బండి వాకిట్లో ఆగే ఉంది. ఆ రోజు పాలకేంద్రంలో పాలు విరిగాయని వాపస్ పంపించారు. పాలు పోసిన వాళ్లంతా శంకరప్ప ఇంటి ముందు చేరి నానా మాటలు అన్నారట. ఎందుకు ఆలస్యమైందో ఆయన ఒక్కరికీ చెప్పలేదట. ఆ సంగతి రామవ్వ చెప్పగానే బాలప్పకు కూర్చున్న చోటే తల దిగిపోయింది. మంచిగున్న మనిషినై ఉండి, మంచంలో పడుకుని, అన్న మాటలు పడేలా చేశానే అని తనను తాను తిట్టుకున్నాడు. అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి సైకిల్ తుడిచి వాకిట్లో నిలబెట్టాడు. రామవ్వ నోరు తెరుచుకుని చూసింది. "తర్వాత తిడుదువు గానీ, పిల్లలను తయారు చెయ్యి" అన్నాడు.

బండి వచ్చి ఆగింది. శంకరప్ప సైకిల్‌ను చూశాడు. దాని పక్కన నిలబడ్డ తమ్ముడి కాళ్లను చూశాడు. ముఖం మాత్రం చూడలేదు. చాలాసేపు పగ్గాలు చేతిలో అటూ ఇటూ మార్చుకున్నాడు.

"బసవా" అన్నాడు చివరికి. "సైకిల్ బయటికొచ్చింది. ఇగ మనకు గీ వాకిట్ల పని లేదు. మనిషి మంచిగై శానా దినాలాయె, విఠల్‌గాడు నాకు ఎప్పుడో చెప్పిండు. బెల్లం ముక్క పెడితె గానికి నోరాగుతదా? తెల్వనట్టే వచ్చుకుంట పోయినం. పాలు వాపస్ వచ్చినా తెల్లారి వచ్చినం. ఇగ పోదాం పా."

ముల్లుకర్ర ఎత్తాడు.

అన్నకు అంతా తెలుసు! తెలిసే వచ్చాడు! ఈ బండి కదిలితే మళ్లీ ఈ వాకిట్లో ఆగదు. పక్కన పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడ్డారు. నోరు తెరిస్తే కీడు ఈ ఇంటికే. బాలప్ప కండ్లు మూసుకుని, "తల్లీ పోచవ్వా, ఏం చేసినా నాకు చెయ్యి, పిల్లల జోలికి పోకు" అని మనసులో మొక్కాడు. తర్వాత పిలిచాడు.

"అన్నా!"

రామవ్వ చేత్తో నోరు మూసుకుంది. శంకరప్ప చేతిలోని ముల్లుకర్ర కింద పడింది. ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. గబగబా ఎద్దువైపు తిరిగాడు.

"బసవా, నాకేం ఇనరాలే. గాలి గట్టిగున్నది. నీకు గూడ ఏం ఇనరాలే గద?"

గాలి లేదు. చింతాకు కూడా కదలడం లేదు.

"అన్నా, నేనే..."

"నోర్ముయ్‌రా!" శంకరప్ప బండి మీంచి దూకి వచ్చి తమ్ముడి రెండు భుజాలు పట్టుకుని ఊపేశాడు. "నువ్వేం మాట్లాడలే. పిల్లలు గల్లోనివి, నీకెందుకురా కీడు? ముందుగాల పిలిచింది నేను. తమ్మీ! బాలప్పా! ఇగో పిలిచిన. తల్లి ఇన్నది, ఊరు ఇన్నది. మా ఇంట్ల పిల్లలు లేరు, ఉన్నది నేను, మీ వదినె ఇద్దరమే, ఏమొచ్చినా సైసుకుంటం."

"నీ ఇంటికెందుకు రావాలే? నేను ముందు పిలిచిన!"

"నేను ముందు!"

"నేను!"

ఏండ్ల తరబడి నోళ్లు కుట్టుకున్న అన్నదమ్ములు నడి వాకిట్లో ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, ఏడుస్తూ, కీడు కోసం కొట్లాడుకుంటున్నారు. ఎదురింటి అరుగు మీద నాగయ్యకు ఈసారి నవ్వు రాలేదు. శంకరప్ప కండువాతో ముఖం తుడుచుకుని మరదలివైపు తిరిగాడు.

"రామవ్వా, నువ్వే సాక్ష్యం. నిజం చెప్పు. ముందుగాల నోరు తెరిచింది ఎవలు?"

రామవ్వ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఆమె కండ్ల నీళ్లు చెంపల మీదికి దిగాయి.

"నాకేం ఎరుక బావా? ఇద్దరు కలిసి బోరంచకు పోయి తల్లినే అడుగుండ్రి" అంది.