మెరవని పట్టీ

మల్లప్ప ముక్కు తెగడం లేదు.

పొద్దున్నుంచి అక్షత ఆ ముక్కుతోనే కుస్తీ పడుతోంది. ఫోటో ఎవరిదో పెళ్ళిలో తీసింది. పందిరి కింద, వంట పొగలో, పక్కవాడి భుజం మీద చెయ్యేసి నిలబడ్డ మనిషి. ఆ భుజాన్నీ, పొగనూ, వెనకున్న జనాన్నీ తీసేస్తే మిగిలింది బొటనవేలంత ముఖం. ట్రేస్ బటన్ నొక్కితే కంప్యూటరు తనకు తోచిన గీతలు గీసిపెట్టింది. ముక్కూ చెంపా ఒకే నలుపులో కలిసిపోయి, మనిషి ముఖం కాస్తా మసిబట్టిన మూకుడులా తేలింది. అక్షత దాన్ని చెరిపేసి, మౌసుతో చుక్క చుక్కా పెట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టింది. ఈలోగా రెండుసార్లు కరెంటు పోయింది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయనే లేదు.

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన జగన్‌మోహన్ నడిపే స్టిక్కర్ల దుకాణం అది. లారీల అద్దాల మీద పిల్లల పేర్లు, బైకుల మీద నంబర్లు, ఆటోల మీద దేవుళ్ళు, అన్నీ అక్కడే తయారవుతాయి. స్టిక్కరు కోసే మిషన్‌కు ఫోటో అర్థం కాదు. దానికి బూడిదరంగంటే ఏమిటో తెలియదు. గీతకు లోపలున్నది ఉంటుంది, బయటున్నది పోతుంది, అంతే. ఆ గీత కూడా మొదలైన చోటికే వచ్చి మూసుకోవాలి. లేకపోతే బ్లేడు దారితప్పి స్టిక్కరు రోలంతా పాడు చేస్తుంది. ఎలాంటి బొమ్మనైనా అలా మూసుకునే గీతలుగా మార్చడమే అక్షత పని. నెలకు తొమ్మిది వేలు. రాయికోడ్‌లో ఆమెతో చదువుకున్న ఆడపిల్లలు తెల్లారకముందే ఫ్యాక్టరీ బస్సెక్కుతారు, లేదంటే చెరుకు కోతకు పోతారు. నీడపట్టున కూర్చుని చేసే పని బిడ్డకు దొరికిందని తల్లి మహాదేవమ్మ ఇప్పటికీ మురిసిపోతుంది. అక్షత ఎప్పుడైనా విసుక్కుంటే చాలు, "కూసున్న కొమ్మను నరుక్కోకు బిడ్డా" అంటుంది.

ఇంట్లో మగమనిషి పోతే, దినాల నాటికి ఆ ఇంటి ఆటో అద్దం మీదికో ట్రాక్టరు మీదికో అతని ముఖం ఎక్కాలి. ఈమధ్య ఈ చుట్టుపక్కల ఊళ్ళలో అదొక ఆచారమైంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గదా, వచ్చినవాళ్ళంతా కళ్ళు పెద్దవి చేయమనే అడుగుతారు. మీసం ఒత్తుగా, జుట్టు నిండుగా కావాలంటారు. అక్షత చేసిపెడుతుంది. పోయినవాడు వచ్చి కాదనడు కదా.

స్టూలు మీద కూర్చున్న నీలమ్మ మాత్రం ఏమీ అడగలేదు. మొగుడు మల్లప్ప ఫోటో ఇచ్చి, కొంగు భుజాల మీదుగా కప్పుకుని, స్క్రీన్ వంకే చూస్తూ కూర్చుంది. మరిది ఆటోకు స్టిక్కరు వేయించాలని మొగుడంపల్లి నుంచి వచ్చింది.

"కండ్లు జర పెద్దగ చెయ్యాల్నా అక్కా?" అక్షతే అడిగింది.

"వద్దు చెల్లె. ఎట్లున్నయో గట్లనే ఉండని. చిన్న కండ్లే. గని మంచిగ కనపడేటియి." ఎవరో తన మాట కాదన్నట్టు ఆమె మళ్ళీ అంది. "పొద్దుగూకినంక గుడ సూదిల దారం ఎక్కిస్తుండె."

"యాడ జరిగింది?" అక్షత అడిగింది, అడగాలి కనుక.

"చిరాగ్‌పల్లి కాడ. డ్యూటీ దిగి ఎక్సెల్ బండి మీదొస్తుండె. అప్పుడే చీకటి వడ్డది. చెరుకు ట్రాలీ పంచరైతె రోడ్డు మీద్నే నిలవెట్టిన్రు. ఎనక లైట్ లేదు. రాళ్ళు గిట్ల గుడ పెట్టలే. సీదా పోయి గుద్దిండు."

నీలమ్మ గొంతులో ఏడుపు లేదు. వచ్చినవాళ్ళకల్లా చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలవి.

"ట్రాలీ ఎనక ఎర్రపట్టీలుండె. నేను గుడ పోయి చూసిన. తేనెతుట్టె లెక్క సన్న సన్న గళ్ళున్నయి. కంపెనీ మాల్, లైటు పడితే దూరంకెల్లి అగ్గి లెక్క మెరుస్తయి అన్నడు పటేల్. గన్ని పట్టీలు మెరుస్తుంటె పోయి గుద్దిండంటె తాగనన్న తాగుండాలె, కండ్లన్న పోయుండాలె అంటున్నరు. మెడల లింగం కట్టుకున్నోడు చెల్లె, ఏనాడు సుక్క ముట్టలే."

మౌసు మీద అక్షత చెయ్యి ఆగింది. "ఏ పటేల్ అక్కా?"

"మా ఊరి చెన్నబసప్ప పటేల్. ట్రాలీ ఆయనదే. రేపు పెద్దమనుషులు కూసుంటున్నరు. తప్పు మా ఆయనదే, కేసు వద్దని నన్ను ఏలుముద్ర ఎయ్యమంటున్నరు. ఎయ్యకుంటె పటేల్ చేన్ల పని ఉండదు. ఈ స్టిక్కర్ పైసలు గుడ ఆయనే ఇస్తనన్నడు. నేనేమని అడ్డం మాట్లాడుదు? పట్టీలైతె ఉన్నయి గద."

కోసే మిషన్ అంచుకు అరచేయంత ఎర్రముక్క ఒకటి అంటించి ఉంది. పోయిన చెరుకు కాలం నుంచి అది అక్కడే ఉంది. లైటు పడితే మెరిసే అసలు పట్టీ అది. దాన్ని తెచ్చింది చెన్నబసప్పే. అసలుది మీటరు వంద దాటుతుంది, ఉత్త ఎర్ర రోలు అందులో అయిదో వంతు కూడా పడదు. ట్రాలీలన్నిటికీ ఇలాంటివే కావాలి, కానీ ఇంత పెట్టలేనని ఆయన నవ్వుతూ అన్నాడు. జగన్‌మోహన్ ఆ ముక్కను ఫోటో తీశాడు. అందులోని తేనెతుట్టె గళ్ళను అక్షత గీతలుగా మార్చింది. బ్లేడు ఒత్తిడి తగ్గించి, రోలు తెగకుండా పైపైన గాట్లు మాత్రమే పడేలా మిషన్‌ను సవరించింది. పగటిపూట పక్కపక్కన పెట్టి చూస్తే ఏది అసలో ఏది నకిలీనో కోసినవాళ్ళకే తెలియనంత బాగా వచ్చింది. "నీ చేతిల పనుంది బిడ్డా" అని జగన్‌మోహన్ ఇరానీ చాయ్ తెప్పించాడు. అక్షత ఆ రోజు చాలా సంతోషపడింది. ఎక్కడో బండ్ల చెకింగ్‌లో చూపించుకోడానికి అనుకుంది. చూపించాక ఆ ట్రాలీ చీకట్లో రోడ్డెక్కుతుందన్న సంగతి దాకా ఆలోచనను పోనివ్వలేదు.

ఇప్పుడు గుండె దడదడలాడాలి. కళ్ళల్లో నీళ్ళు తిరగాలి. ఏదీ లేదు. మడిచి కూర్చున్న కాలు తిమ్మిరెక్కినట్టు లోపలంతా తిమ్మిరి. అలా ఏమీ అనిపించకపోవడానికే ఆమెకు భయం వేసింది. మళ్ళీ మల్లప్ప ముక్కు దగ్గరికి వచ్చి, మిగిలిన రెండు చుక్కలూ పెట్టి, గీత మూసింది.

గల్లా దగ్గరున్న జగన్‌మోహన్ నీలమ్మ మాటలన్నీ విన్నాడు. అంతలో ఫోన్ మోగితే బయటికి పోయి మాట్లాడి, లోపలికొచ్చి అక్షత కుర్చీ మీదికి వంగాడు. గొంతు బాగా తగ్గించాడు.

"ఆ తేనెతుట్టె ఫైలు తీయి. పటేల్ కొత్త ట్రాలీలు దించిండు. ఎల్లుండికెల్లి ఫ్యాక్టరీకి తోల్తడు. పొద్దుగూకే వరకు పట్టీలు కావాలంటున్నడు."

"అన్నా, ఈమె..."

"ఇన్న. నాకు చెవుల్లేవా? పోయినోడు పోయిండు. మనం పోయి గుద్దినమా? మనం స్టిక్కర్లు కోసెటోళ్ళం. నేను కాదంటె బీదర్ పోయి కోయిచ్చుకుంటడు. ఈమెది జల్ది కోసిచ్చి పంపియ్యి."

జగన్‌మోహన్ చెడ్డవాడు కాదు. మౌసు పట్టుకోవడం రాని పిల్లకు ఓపిగ్గా పని నేర్పాడు. జ్వరమొచ్చిన రోజు జీతం కోయలేదు. చెడ్డవాడైతే అతని మాట కాదనడం ఆమెకు సులువయ్యేది.

"చాయ్ తాగొస్త. నేనొచ్చే వరకు మిషన్ మీద ఎర్ర రోలుండాలె" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అక్షత నల్ల రోలు ఎక్కించింది. బ్లేడు అటూ ఇటూ పరుగెత్తి మల్లప్ప జుట్టు కోసింది, కనుబొమలు కోసింది, మీసం కోసింది. ముక్కు ఈసారి తెగింది. షీటు బల్ల మీద పరిచి, అక్కర్లేని ముక్కలను సూదిమొనతో లేపి పీకడం మొదలుపెట్టింది. చెంప మీది వెలుగు, కళ్ళల్లోని తెలుపు, పెదవుల మధ్య సందు ఒక్కొక్కటే వచ్చేశాయి. పీకేయగా మిగిలిందే మనిషి. నీలమ్మ స్టూలు దిగి దగ్గరికి వచ్చింది.

"గీనెనే" అంది. వేలితో తాకబోయి, జిగురుంటుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది. "గీనెనే చెల్లె. మంచిగ చేసినవ్. నీ చేతిల పనుంది."

అదే మాట. చాయ్ తాగిన రోజు విన్న మాట. అక్షత సూది కింద పెట్టింది.

ఎర్ర రోలు మూలన నిలబెట్టి ఉంది. లేచి దాన్ని ఎత్తుకోవాలి, ఫైలు తెరవాలి, బటన్ నొక్కాలి. ఎన్నోసార్లు చేసిన పనే, చేతులు వాటంతటవే చేసేస్తాయి. ఆమె లేచింది. చెత్తబుట్టలో వెతికింది. పోయినేడాది తను కోసిన పట్టీల్లో మిగిలిన తుంపు ఒకటి బల్ల అడుగున దొరికింది. దాన్ని తీసుకెళ్ళి మిషన్ అంచున, అసలు ముక్క పక్కన అంటించింది. తర్వాత వాకిలి దగ్గరికి నడిచి, చేతులెత్తి, షట్టరు కిందికంటా లాగి, తాళం పడేలా నొక్కింది. ట్యూబ్‌లైటు ఆర్పింది. స్క్రీన్ ఆర్పింది. మిట్టమధ్యాహ్నం దుకాణం చీకటైంది.

"ఏమైంది చెల్లె?" నీలమ్మ గొంతులో కంగారు. "బంద్ చేస్తున్నవా?"

"లేదక్కా. ఇట్ల రా. ట్రాలీ ఎనక నువ్వు చూసిన పట్టీ గిట్లనే ఉండెనా?"

అక్షత ఫోన్ లైటు వేసి రెండు ముక్కల మీదికి పట్టింది.

ఎడమది భగ్గుమంది. ఆ ఎరుపు కళ్ళల్లోకి కొట్టి, ఎదురుగా ఉన్న నీలమ్మ ముఖం ఎర్రబడినట్టే కనిపించింది. కుడిది అలాగే ఉంది. లైటు పడ్డా పడకపోయినా దానికి ఒకటే. అవే గళ్ళు, అదే రంగు. పక్కన అసలుది మండుతుంటే ఇది ఎండిన నెత్తుటి మరకలా నల్లగా ఉంది.

"ఇది కంపెనీది" అక్షత అంది. "ఇది నేను కోసింది. పటేల్ ట్రాలీలకు అంటించినయి గివే. రాత్రి కనపడయి అక్కా. ఎవ్వలకు కనపడయి. తాగినోనికి కాదు, తాగనోనికి కాదు."

నీలమ్మ ఏడవలేదు. అరవలేదు. తిట్టి ఉంటే బాగుండునని అక్షతకు అనిపించింది. ఆ తిమ్మిరి కింద కదిలిన మొదటి సంగతి అదే.

షట్టరు మీద చెయ్యి పడింది.

"అక్షతా! షట్టరెందుకేసినవ్? కరెంటు పోయిందా?"

"పోలేదన్నా. ఉన్నది."

"మరేంది? ఎర్ర రోలు ఎక్కిచ్చినవా?"

అక్షత షట్టరు వైపు తిరిగింది.

"ఎక్కియ్యలే. నేను ఎక్కియ్య. గవి ఇంక కొయ్య."

రోడ్డు మీద ఏదో లారీ పోతుంటే షట్టరు రేకు సన్నగా అదిరింది. తర్వాత తాళాల గుత్తి చప్పుడైంది.

నీలమ్మ చెయ్యి చాచి అక్షత చేతిలోని ఫోన్ తీసుకుంది. బల్ల మీద మల్లప్ప ముఖం మీదుగా ఒకసారి వెలుగు పారింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, బండి మీద వచ్చే మనిషికి బండి లైటు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో లైటు పట్టుకుని, ఆ రెండు ముక్కల వైపు నడవడం మొదలుపెట్టింది.