వెనకనడకకు ఐదో మనిషి

వెనక్కి నడిచే పోటీ ఒకటుందంటే నమ్మేవాళ్ళు తక్కువ. ఉంది. దానికో సంఘం ఉంది, పదకొండు పేజీల నియమావళి ఉంది, ప్రాంతానికో కార్యదర్శి ఉన్నాడు. ఈ ప్రాంతపు కార్యదర్శి వృత్తిరీత్యా టైలరు. అర్హత పోటీలు జరిపే పని నెత్తిన పడ్డాక ఆయన కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుంది.

కనీసం ఐదుగురు నాలుగు వందల మీటర్లు నడిచి గీత దాటాలని నియమం. నలుగురే దాటితే ఇక్కణ్ణించి పైపోటీలకు ఎవరూ వెళ్ళడానికి లేదు. వెతగ్గా వెతగ్గా సరిగ్గా ఐదుగురు దొరికారు: లిఫ్టు నడిపే ఆయన, ట్యూషన్ మాస్టారు, కాంపౌండరు, బేకరీ ఓనరు, టైలరుగారి బావమరిది. బావమరిది ఆర్నెల్లుగా మేడ మీద సాధన చేస్తూ నీళ్ళ ట్యాంకుని రెండుసార్లు గుద్దుకున్నాడు కూడా.

మైదానం అడిగితే స్కూలు హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి మరీ చూశాడు. "మా పిల్లల్ని ముందుకి నడిపించలేక చస్తున్నానయ్యా. నువ్వొచ్చి వెనక్కంటావేంటి?"

చివరికి మార్కెట్ వెనక సందు దొరికింది, ఆదివారం పొద్దున్న తొమ్మిదింటిదాకా. కొలవడానికి టైలరు దగ్గరున్నది మెడలో వేలాడే మీటరున్నర టేపే. ఆయన వంగి పరుస్తుంటే భార్య సుద్దతో గీతలు పెడుతూ లెక్కపెట్టింది. నూట నలభై దగ్గర కూరగాయలావిడ ఆగి, "ఏంటమ్మా, రోడ్డుకి లాగూ కుడుతున్నారా?" అంది. లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి.

పోటీ రోజు సంఘం తరఫున పరిశీలకుడొచ్చాడు. రిటైరైన డ్రిల్లు మాస్టరు. మెడలో విజిల్, మొహాన నవ్వన్నది లేదు. ఇక పదిహేను నిమిషాల్లో మొదలనగా కబురొచ్చింది, బేకరీ ఓనరు మెట్లు దిగుతూ కాలు మడతపెట్టుకున్నాడని.

"ఎటు తిరిగి దిగాడు?" అన్నాడు టైలరు.

"మామూలుగానే. ముందుకి," అన్నాడు బావమరిది.

"అదే మరి! ఎన్నిసార్లు చెప్పాను!"

టైలరు భార్య వైపు తిరిగాడు. "నన్ను చూడకండి. అవతల గీత దగ్గర టైము రాయాల్సింది నేనే," అని ఆవిడ వెళ్ళిపోయింది. ఐదుగురు గీత దాటకపోతే రద్దేనని పరిశీలకుడు గడియారం చూపించాడు.

దేవుడి మీద భారం వేసి టైలరు నలుగురినీ వరసలో నిలబెట్టి, తానూ గీత మీద నిలబడి జెండా ఎత్తాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఓ పెద్దమనిషి ప్రత్యక్షమయ్యాడు. కోటు కుట్టమని గుడ్డ ఇచ్చి మూడు వారాలైన ఆసామి.

"టైలరుగారూ, నా కోటేదండీ?"

"అయిపోయిందండీ, కాజాలే తరవాయి."

ఆయన చూపు జెండా మీద పడింది. నీలం మీద తెల్ల చుక్కలు. "అది నా కోటు లైనింగు కదూ?"

టైలరు చెయ్యి దానంతటదే కిందికి దిగింది. జెండా దిగింది కదాని పరిశీలకుడు విజిల్ ఊదాడు. నలుగురూ బయల్దేరారు. టైలరూ ఓ అడుగు వెనక్కి వేశాడు. కోటాయన ఓ అడుగు ముందుకి వేశాడు.

"మిగిలిన ముక్కండీ."

"కుట్టకముందే మిగిలిందా?"

ఇంకో నాలుగడుగులు. "రేపు ఇచ్చేస్తానండీ."

"ఇది ఎన్నో రేపు?"

ఆయన వేగం పెంచాడు, టైలరూ పెంచాడు. సూది విరిగిందన్నాడు. కరెంటు పోయిందన్నాడు. ఒక్కో సాకుకీ ఒక్కొక్కరిని దాటిపోతూ ట్యూషన్ మాస్టార్ని, లిఫ్టాయన్ని, కాంపౌండర్ని వెనకేశాడు.

"బావా, నువ్వెక్కడికి?" అన్నాడు బావమరిది. టైలరు అతన్నీ దాటేశాడు.

"మా అత్తగారికి ఒంట్లో బాలేదండీ!"

"మా అమ్మ నిక్షేపంగా ఉంది!" అని అవతలి గీత దగ్గర్నుంచి భార్య కేక వేసింది. అంతలో గీత మీద కట్టిన రిబ్బను వీపుకి తగిలి టైలరు కెవ్వుమన్నాడు.

మిగతా నలుగురూ ఒకరి తర్వాత ఒకరు గీత దాటారు. దాటీ దాటగానే బావమరిది గొడవకి దిగాడు. "ఆయన కార్యదర్శండీ! ఆయనెలా నడుస్తాడు?"

పరిశీలకుడు పదకొండు పేజీలూ రెండుసార్లు తిప్పాడు. కార్యదర్శి నడవకూడదని ఎక్కడా లేదు. అయితే తల తిప్పి వెనక్కి చూస్తే మాత్రం తప్పు. దానికి సాక్షి ఒక్కడే.

కోటాయన రొప్పుతూ చెప్పాడు: "ఒక్కసారి కూడా తిప్పలేదండీ. నా కళ్ళలోకి సూటిగా చూస్తూనే అబద్ధాలాడాడు."

పరిశీలకుడు మొదటి స్థానం టైలరుకి రాసి సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నం భార్య కోటాయన్ని షాపులో స్టూలు మీద కూర్చోబెట్టి, మొగుడి చేత కోటు పూర్తి చేయించాకే లేవనిచ్చింది.

బావమరిది అలిగి నాలుగు రోజులు ఆ గడప తొక్కలేదు. ఐదోరోజు తనే వచ్చి, "బావా, ఆ కోటాయన్ని నాకో వారం ఇప్పించవా, సాధనకి?" అన్నాడు.

పైపోటీల్లో టైలరు పంతొమ్మిది మందిలో పదిహేడోవాడిగా వచ్చాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "అక్కడ నన్ను తిట్టేవాళ్ళే లేరే," అన్నాడు దిగులుగా.

భార్య తువ్వాలు అందించింది. "ఓ మాట చెబితే నేనొచ్చేదాన్ని కదండీ."