ఆగమ్మ పాటల కంప్యూటరు

డానియేలుకు చేతినిండా పని ఉంటే బంగారంలాంటి మనిషి. ఖాళీగా కూర్చోబెట్టారా, బాగున్నదాన్ని ఇంకా బాగుచేస్తానని మొదలుపెట్టి దాని అంతు చూస్తాడు. ఫలక్‌నుమా స్టేషను వెనక గల్లీలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. సీలింగు ఫ్యాను అయిదు మీద తిరుగుతుంటే ఆరో నంబరు ఎందుకు లేదని అడిగే రకం మరి!

అతను ఫిట్టరుగా చేసే సర్కారు కంపెనీలో 2001 ఎండాకాలంలో పాత కంప్యూటర్లు వేలం వేశారు. అందులో ఒకటి ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. మూడువందల మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. అప్పటికే దానికి మూడింతల వేగం ఉన్నవి బజార్లోకి వచ్చేశాయి. అయినా ఫికర్ లేదు, తెచ్చింది ఆటలాడుకోవడానికి కాదు. వాళ్లమ్మ ఆగమ్మ కోసం.

ఆగమ్మ కుట్టు మిషను మీద బతుకు లాగిన మనిషి. మొగుడు రైల్వేలో గ్యాంగుమన్‌గా చేస్తూ పట్టాల మీదే పోయాడు. అప్పటినుంచి ఆమె నోట పాటలు పుట్టడం మొదలైంది. జాకెట్లు కుడుతూ ఒకటి, బియ్యం ఏరుతూ ఒకటి. ప్రతి గురువారం చర్చిలో ఆడవాళ్ల కూడికలో ఆమె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. అన్నీ నోటిపాటలే, కాగితం మీద ఒక్కటీ లేదు. "నేను రాస్తె అచ్చరాలు వంకరబోతయి బిడ్డా, ఎవ్వలన్న సూస్తె నవ్వుతరు" అనేది.

అందుకని డానియేలు కీబోర్డు మీటల మీద తెలుగు అక్షరాలు రాసిన కాగితం ముక్కలు అంటించి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. చూపుడువేలు ఒక్కటే వాడి, గురిచూసి కొట్టినట్టు కొట్టేది. అయితేనేం, వంకర లేని అక్షరం తెర మీద పడేసరికి యాభై దాటిన మనిషి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. చలికాలం వచ్చేసరికి ముప్పై ఎనిమిది పాటలు ఎక్కించేసింది.

ఒకటే చిక్కు. మీట నొక్కాక అక్షరం పడటానికి ఆలస్యమయ్యేది. పడలేదేమోనని ఆమె మళ్లీ నొక్కేది, రెండు పడేవి. "నీ కంప్యూటరు నామీద అలిగినట్టున్నది రా" అని నవ్వేది. ఆ నవ్వుకే డానియేలుకు పౌరుషం వచ్చింది.

శాలిబండలో కంప్యూటర్లు బాగుచేసే బాబురావు దగ్గరికి పోయి అడిగాడు. బాబురావు ఈ విద్యలో పండినవాడు.

"దీనికి గావాల్సింది ర్యామ్, డానియేల్ భాయ్. స్పీడ్ గాదు," అన్నాడు బాబురావు. "నువ్వు ఇనవు గాని, చేస్తనంటె పద్ధతిగ చెయ్. పాత ఫ్యాను తీసెయ్, కొత్తది పెట్టు. ప్రాసెసర్ మీద వేడి గుంజే పేస్టు ఎండిపోయింది, అది తుడిచి కొత్తది రాయి. బోర్డు తాళం, అంటె అన్నిటిని ఉరికించే లయ, అరవై ఆరు మెగాహెర్ట్జ్ మీద ఉన్నది, డెబ్బై అయిదు చెయ్. ఒకరోజంత నడిపి చూడు. గాడ ఆగు. ఎనభై మూడు మీదికి పోకు."

"ప్రాసెసర్ కాలుతదా?"

"ప్రాసెసర్ తట్టుకుంటదేమో. హార్డ్ డిస్క్ తట్టుకోదు. అది సుత గదే తాళం మీద నడుస్తది గదా, తాళం ఎక్కువైతె అండ్ల రాసినయన్ని చెడిపోతయి. ఏం ముట్టినా ముందుగాల ఫైళ్లన్ని ఫ్లాపీల ఎక్కించుకో. మర్చిపోకు."

డానియేలు చర్చిలో ఢోలకు వాయిస్తాడు. తాళం పెంచితే పాడేవాళ్లకు ఆయాసం వస్తుందని అతనికి ఒకరు చెప్పాలా? చెప్పినట్టే చేశాడు. ఫ్యాను మార్చాడు, పేస్టు రాశాడు, పాటలన్నీ రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించాకే బోర్డు మీద తాళం మార్చే చిన్న క్లిప్పు, జంపరు, జరిపి డెబ్బై అయిదు చేశాడు. ఆదివారం పొద్దంతా నడిపి, గంటగంటకూ వేలు పెట్టి వేడి చూశాడు. ఆగమ్మకు అక్షరాలు వెంటవెంటనే పడసాగాయి. "అలక తీరింది రా దీనికి!" అంది. ఫ్లాపీలు మాత్రం చవకబారువి, నెల తిరక్కుండానే రెండూ చెడిపోయాయి.

అక్కడ ఆగితే ఈ కథే లేదు. అతి చేస్తే గతి చెడుతుందని పెద్దలు ఊరికే అన్నారా? నెల రోజులు ఏ లొల్లీ లేకుండా నడిచింది. అదే డానియేలుకు నిద్ర పట్టనివ్వలేదు. వేలు పెడితే చల్లగా ఉంది కదా, ఇంకొక్క మెట్టెక్కితే ఏం పోయింది? ఒక సాయంత్రం తల్లి కూడికకు పోయిన సమయం చూసి జంపరు ఎనభై మూడు మీద పెట్టాడు. కంప్యూటరు లేచి నడిచింది. వేలు పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. కొత్త ఫ్లాపీలు కొనాలంటే శాలిబండ దాకా పోవాలి. రేపు చూద్దాంలే అనుకున్నాడు. తల్లికి ఒక్క మాట చెప్పలేదు. ఆమెకేం అర్థమవుతుందిలే అనుకున్నాడు, తెలివిగలవాడు!

అదే వారంలో ఆగమ్మ కంప్యూటరుకు కవరు కుట్టింది. పక్కనే గ్రిల్లులు చేసే కార్ఖానా, ఇనుప పొడి ఇల్లంతా పడేది. అసలు ఆ రోజుల్లో కవరు లేని కంప్యూటరు ఏ ఇంట్లో ఉంది? పాస్టరమ్మ ఇచ్చిన ఎర్ర మఖ్మల్ ముక్కకు బంగారు లేసు వేసి, తెరకూ మీటలకూ చోటు వదిలి, మిగతాదంతా కప్పేలా కుట్టింది. ముప్పై తొమ్మిదో పాట ఆ కవరు కప్పి ఉంచే కొట్టింది.

కవరు కప్పిన మూడోరోజు డానియేలు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె తెర ముందు నిలబడి ఉంది. ఫైళ్ల పేర్లన్నీ పిచ్చి గీతలైపోయాయి. ఒకటి తెరిస్తే గళ్లు గళ్లు, ఇంకొకటి తెరుచుకోనే లేదు. ముప్పై తొమ్మిదిలో ఒక్కటీ మిగల్లేదు. గబగబా జంపరు మళ్లీ అరవై ఆరు మీద పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

ఆగమ్మ కవరును గుండెకు ఆనించుకుని అడిగింది. "పొద్దుగాల సంది ఇది కప్పే కొట్టిన బిడ్డా. ఊపిరాడక సచ్చిందా?"

అప్పుడు చెప్పాల్సింది. కాదమ్మా, నీ కవరు కాదు, నేను పెట్టిన ఎనభై మూడు అని ఒక్క ముక్క. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా నిలబడింది కంప్యూటరు అంటే తన కొడుకే అనుకునే తల్లి. ఆ గొప్ప పోతుందని భయపడ్డాడు.

"వేడికి పోయినట్టుందమ్మా," అన్నాడు.

మర్నాడు ఆమె ఆ కవరు కుట్లన్నీ బ్లేడుతో విప్పేసింది. మఖ్మల్ ముక్కలు మిషను నూనె తుడవడానికి వాడింది.

బాబురావు డిస్కు చూసి, జరిగిందంతా విని తల కొట్టుకున్నాడు. "వేడి గాదు, కవరు గాదు, ఎనభై మూడే. మీ అమ్మకు చెప్పినవా?"

"చెప్పిన," అన్నాడు డానియేలు.

మళ్లీ చెప్పు, నేనే టైపు చేస్తానని తల్లిని ఎంతో బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నా చేతుల్తోనే పోగొట్టుకున్న బిడ్డా. మల్ల నోట్లకెల్లి రావు." కూడికలో ఆమె ఎత్తుకోవడం మానేసింది. వేరే ఎవరైనా ఎత్తుకుంటే వెనక కూర్చుని తాళం వేసేది. కొత్త పాట ఒక్కటీ కట్టలేదు. కంప్యూటరు మాత్రం అరవై ఆరు మీద ఇంకా ఆరేళ్లు హాయిగా నడిచింది!

2009లో వాళ్లు జల్‌పల్లిలో చిన్న ప్లాటు తీసుకుని ఇల్లు కట్టుకున్నారు. డానియేలు కొత్త కంప్యూటరు కొన్నాడు. కూర్చోమ్మా అని కుర్చీ జరిపాడు. ఆగమ్మ గుమ్మంలోనే ఆగి కొంగు దగ్గరికి లాక్కుంది.

"గాలి ఏడికెల్లి పోతది రా దీనికి? నా కొంగు అడ్డంబడదు గదా?"

ఏడెనిమిదేళ్లుగా ఆమె మోస్తున్నదేమిటో డానియేలుకు అప్పుడు కనపడింది. ఆమె కాళ్ల దగ్గర కూలబడి చెప్పేశాడు. జంపరు, ఎనభై మూడు, కొనని ఫ్లాపీలు, బాబురావుకు చెప్పిన అబద్ధం, అన్నీ. చెబుతూ ఏడ్చాడు. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

ఆగమ్మ తిట్టలేదు. తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకుంది. తరవాత మెల్లగా, డానియేలు నాయన పోయినప్పుడు తను కట్టిన పాట ఎత్తుకుంది.

"పట్టాల మీద పొద్దు పొడిచె, పనికి పోయినోడు రాకపాయె..."

రెండో చరణం దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అక్కడే ఆగిపోయింది. మూడోసారి పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

"గా మాట గప్పుడే చెప్పకపోతివి బిడ్డా," అంది. "గప్పుడు నాకు అన్ని యాదికుండె."