వేదిక కింద భానుశ్రీ

ఉదయలక్ష్మి మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీలో ముద్రణ చిత్రకళ బోధిస్తుంది. ఆ ఏడాది పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పత్రికల వ్యంగ్య చిత్రాల గురించి పాఠం చెప్పింది. రాతి పలక మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి, ప్రతులు తీసి, రాజునూ జడ్జీలనూ లాయర్లనూ నవ్వులపాలు చేసిన బొమ్మలవి. రాజును తిండిపోతుగా గీసినందుకు ఒక చిత్రకారుడు జైలుకు వెళ్లాడని చెబుతుంటే, ఆమెకు నగర శివారు వెర్రిబీలోని తమ తెలుగు సంఘం గుర్తొచ్చింది.

సంఘం అధ్యక్షుడు డాక్టర్ హేమచంద్ర. పదిమందికి సాయం చేసే మనిషే. కానీ వేడుకల్లో పెద్దలకు శాలువాలు కప్పడమే మూడు గంటలు సాగేది. చదువుకోడానికి కొత్తగా వచ్చిన పిల్లలు పొద్దుటినుంచి కుర్చీలు మోసి, వడ్డించి, చివర మిగిలింది తినేవాళ్లు.

సంఘం పత్రిక ఉగాది సంచికకు బొమ్మ కావాలని సంపాదకుడు బాలమురళి అడిగితే ఆమె దాన్నే గీసింది. శాలువాల కింద ఊపిరాడక కూర్చున్న పెద్దమనుషులు, వాళ్ల వేదికను వీపుల మీద మోస్తున్న విద్యార్థులు. మధ్యలో ఉన్న అమ్మాయికి, వేడుకల్లో వడ్డించే భానుశ్రీ ముఖం పెట్టింది. ఆ పిల్ల కరీంనగర్ నుంచి వచ్చిందని తప్ప ఆమెకేమీ తెలియదు. సాంబారు బకెట్ మోస్తున్నప్పుడు ఆ ముఖంలో చూసిన అలసట మాత్రం మరచిపోలేకపోయింది.

సంచిక వచ్చింది. జనం నవ్వుకున్నారు, ఫోన్లలో పంచుకున్నారు. హేమచంద్ర స్వయంగా ఫోన్ చేశాడు.

"బాగుందమ్మా! నా పొట్టే కాస్త పెద్దగా గీశావ్. మనకి సెన్సాఫ్ హ్యూమర్ ఉండాలిగా."

ఆయన కోపగించుకోలేదని ఉదయలక్ష్మికి కొంచెం నిరాశే కలిగింది.

ఆ శనివారం భానుశ్రీ సూట్‌కేస్‌తో ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఆంటీ, నేను డాక్టర్ అంకుల్ వాళ్లింట్లనే ఉంటున్న. మీకు తెల్వదా?"

"తెలీదమ్మా."

"అంకుల్ ఏమనలే. బొమ్మ చూసి వాళ్ల మేడమే రూమ్ ఖాళీ చెయ్యమన్నది. మా ఇంట్ల ఉంటూ మా మీదనే కంప్లైంట్ చేస్తవా అన్నది. మీతో నేనెప్పుడన్న మాట్లాడిన్నా?"

"లేదు. నీ తరఫునే గీశాను..."

"నన్ను అడగలే కద."

ఉదయలక్ష్మి అప్పటికప్పుడే హేమచంద్రకు ఫోన్ చేసి, ఆ పిల్లకేమీ తెలియదనీ, తప్పంతా తనదేననీ చెప్పింది. ఆయన మర్యాదగా విన్నాడు.

"ఇంటి సంగతులు మా ఆవిడ చూస్కుంటుందమ్మా. నేను ఇంటర్‌ఫియర్ అవను."

భానుశ్రీ రెండు వారాలు ఉదయలక్ష్మి ఇంట్లోనే ఉంది. అన్నం తిన్న వెంటనే తన కంచం తనే కడిగి గదిలోకి వెళ్లిపోయేది. ఆ ముఖంలోకి చూడటానికి ఉదయలక్ష్మి జంకేది. చూస్తే మళ్లీ గీస్తున్నానేమో అనిపించేది.

నగరానికి ఇంకో చివర, క్రెయిగీబర్న్‌లో భానుశ్రీకి గది దొరికింది. కారులో వెళ్తుంటే భానుశ్రీ కిటికీ వైపు తిరిగి చెప్పింది.

"ఆ బొమ్మ ఎవరో మా అమ్మకి గూడ పంపిన్రు. అక్కడ ఇట్ల బతుకుతున్నవా బిడ్డా అని ఏడ్సింది. నేను ఇన్నొద్దులు మంచిగున్న అనే చెప్పిన ఆంటీ."

"నన్ను క్షమించమ్మా," అంది ఉదయలక్ష్మి.

భానుశ్రీ తలూపింది. పర్లేదు అని మాత్రం అనలేదు.