బొట్టు పెట్టిన వీపు

ఇల్లందామంటే నాకు కిటికీ లేదు. పెట్టె అందామంటే నాలో పదిమంది కూర్చోవచ్చు. నేను ఒక ఉక్కు గదిని. తుఫాను వేళ మనుషులు తలదాచుకోడానికి పుట్టినదాన్ని. విశాఖలో ఒక షెడ్డులో పాత ఓడ రేకులు కోసి, అతికించి, బయటికి తెరుచుకునే బరువైన తలుపు బిగించారు.

మొదట రొయ్యల చెరువు ఆసామి ఒకాయన కాపలావాళ్ల కోసం నన్ను కొన్నాడు. వాళ్లు నాలో మేత బస్తాలు పేర్చారు. తీరా తుఫాను వచ్చినప్పుడు బస్తాలు తడుస్తాయని వాళ్లే బయట తడిశారు. మనుషుల లెక్కలు నాకు ఇప్పటికీ అంతుపట్టవు.

చెరువులు ఎండాక తాతారావు అనే జాలరి నన్ను తెచ్చి, ఒడ్డున తన గుడిసె పక్కన దించుకున్నాడు. ఈ ఏడాది సముద్రం ఆ గుడిసెను మింగేసింది. తాతారావు, భార్య నూకరత్నం, ఇంకా అడుగులు రాని కూతురు ఇసకదిబ్బ మీద రేకుల ఇంటికి మారారు. నేను అలల అంచునే ఉండిపోయాను. అంతలో రేవులో తుఫాను జెండా ఎగిరింది.

కిందటి తుఫానులో నూకరత్నం, కడుపుతో ఉండగా, నాలో కూర్చునే గట్టెక్కింది.

"ఆ రేకులు మొదటి గాలికే లేచిపోతాయి. గది దిబ్బెక్కాల్సిందే," అంది మొగుడితో.

"అదేటి, చంకనెట్టుకెళ్లే బిందా?"

"పడవల్ని లాగుతారు కదా. దీన్నీ లాగండి."

క్రేను వాడు వచ్చాడు గానీ ఇసక చూసి వెనక్కి పోయాడు. ఇక తాతారావు పెదనాన్న కొర్లయ్య పేటలో మగాళ్లందరినీ పోగేశాడు. ఆయనకు తెలిసిందల్లా పడవ లాగే పద్ధతే. నా తలుపే పడవ ముక్కు అనుకుని పసుపు రాసి బొట్టు పెట్టాడు. కింద తాటిదుంగలు పరిచి, మోకు కట్టి, పాట ఎత్తుకున్నారు. నేను దొర్లి దాటిన దుంగను పరుగున తెచ్చి మళ్లీ ముందు వేసేవారు. దిబ్బ సగంలో మోకు జారింది. నేను వెనక్కి జరిగాను. నూకరత్నం పిల్లను పక్కింటామె చేతిలో పెట్టి తనూ మోకు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కినా వదల్లేదు.

ఎలాగో పైకి చేరాను. ఒడ్డెక్కిన పడవ ముక్కును సముద్రానికి తిప్పి నిలపడం వాళ్ల చేతులకు అలవాటు. ఎవరూ చెప్పకుండానే నన్నూ అలాగే తిప్పి, తలుపు సముద్రానికి పెట్టి, అందరూ చతికిలబడ్డారు.

"మావా, తలుపు అటు కాదు," అంది నూకరత్నం.

"ఒలే, ఏడో తరగతిలో బడి మానేసినదానివి, మాకు దిక్కులు నేర్పుతావేటి?" అన్నాడు కొర్లయ్య.

"గాలొచ్చేది అట్నుంచే కదా. తలుపును నొక్కేస్తాది. పిల్లనెత్తుకుని నాను లాగితే వస్తాదా? వచ్చినా లోపలికి నీళ్లే గదా!"

తలుపు తీసి చూడబోయిన తాతారావు, వీస్తున్న గాలికే రెండు చేతులా లాగాల్సి వచ్చింది. అయినా కొర్లయ్య లేవలేదు.

"బొట్టెట్టిన మొగం సముద్రానికే ఉండాల. వీపెడితే గంగమ్మ ఊరుకోదు."

నూకరత్నం ఇక వాదించలేదు. పసుపు, కుంకుమ గిన్నెలు తీసుకుని నా వెనక గోడ దగ్గరికెళ్లింది. చేతి నిండా పసుపు రాసి, నడుమ కుంకుమతో ఇంత పెద్ద బొట్టు పెట్టింది.

"ఇదిగో మొగం. ఇప్పుడు తిప్పండి."

ఎవడో కిసుక్కున నవ్వాడు. "ఓలమ్మో, నీతో పడలేం!" అంటూ కొర్లయ్యే ముందుగా మోకందుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గాలి పిచ్చెత్తింది. ఇంటి రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. సముద్రం నా వెనక గోడను బాదుతుంటే ఓడ రేకుగా ఉన్నప్పటిలా నా ఒళ్లు మళ్లీ బిగుసుకుంది. నూకరత్నం పిల్లను చంకనేసుకుని ఒక్క చేత్తో తలుపు తీసింది. వెనకే పేటలో సగం మంది వచ్చి, పదిమంది చోట్లో కిక్కిరిసి నిలబడ్డారు. అందరికన్నా చివర కొర్లయ్య.

ఇప్పుడు నేను దిబ్బ మీదే ఉన్నాను. నాలో వలలు కుక్కుతారు, బయట చేపలు ఎండేస్తారు. ఎంతైనా మనుషులు కదా. ఒకోసారి కొర్లయ్య ఎండుచేపల తట్టను నా గుమ్మానికి అడ్డం పెడతాడు.

"మావా, తట్ట," అంటుంది నూకరత్నం.

ఆయన ఒక్క మాటైనా అనకుండా తీసేస్తాడు.