మైనస్ చూపిన తీగ

నేను ఒక ప్లాటినం తీగను. అంబాలాలోని ఒక కార్ఖానాలో గాజు గొట్టానికి బిగించి, ఎలక్ట్రోడ్ అని పేరు పెట్టి, జనగామ వైపు ఒక డిగ్రీ కాలేజీకి పంపారు. ఇరవై రెండేళ్లు అక్కడి కెమిస్ట్రీ ల్యాబులోనే నానాను.

నా పని చిన్నదే. బీకరులో ఏదో లోహం కరిగి ఉంటుంది. బ్యూరెట్ నుంచి చుక్కలు పడుతుంటే నేను లోపల ఉండి వోల్టేజీ చెబుతాను. అది ఒక్కసారిగా ఎగిరే చోటు పట్టుకుని, అక్కడిదాకా పట్టిన చుక్కల్లో సగం పడ్డప్పుడు నేనేం చెప్పానో చూస్తే లోహమేదో తెలుస్తుంది. కానీ తెలుసుకోవాలని ఎవరికుంది? సీసా మీద 'తెలియని లోహం' అని రాసున్నా, ఏటా అందులో ఉండేది ఇనుమేనని కాలేజీ అంతటికీ తెలుసు. పిల్లలు సీనియర్ల రికార్డులోంచి అంకెలు దించుకుని, ఆ తర్వాత మర్యాదకు నన్ను ముంచేవారు. నాకు విసుగు పుట్టి చాలా ఏళ్లయింది.

ఒక ఏడు పరీక్ష ముందు ఇనుప లవణం పాడైతే, అటెండరు కొమురయ్య ఎవరికీ చెప్పకుండా తగరపు లవణం కలిపేశాడు. ఇనుములో ఎప్పుడూ సున్నాకు పైనే ఉండే నేను ఆ ఉదయం కిందికి దిగాను. మీటరులో మైనస్ కనబడగానే, ముందు వచ్చిన ఐదుగురు పిల్లలూ వైర్లు అటువి ఇటు మార్చి, మైనస్ పోగొట్టుకుని, ఇనుమని రాసేశారు.

ఆరో పిల్ల సుమలత మార్చలేదు. అప్పటికే రెండుసార్లు ఫెయిలైంది. ఇదీ పోతే డిగ్రీ లేదు, మందుల కంపెనీలో ఇస్తామన్న ఉద్యోగమూ లేదు. అయినా నన్ను కడిగి మళ్లీ మళ్లీ ముంచింది. నా మాట వినే మనిషిని చూసి ఎంత సంతోషపడ్డానో!

"సార్, మూడుసార్లు చూసిన. మైనస్సే వస్తుంది. ఇది ఇనుము గాదు, తగరం."

ఎగ్జామినరు కాగితం తిప్పాడు. "నా లిస్టుల ఐరన్ అనే ఉన్నది. ఎలక్ట్రోడ్ ఖరాబైనట్టుంది. ఐరనని రాయమ్మా, పాసైతవ్."

"చూసిందే రాస్త సార్."

గుమ్మంలో నిలబడ్డ కొమురయ్య నోరు విప్పుతాడేమోనని ఆశపడ్డాను. అతను తల దించుకుని బీకర్లు కడగడానికి వెళ్లిపోయాడు.

సుమలత ఫెయిలైంది. నాకు 'ఖరాబు' అని చీటీ అంటించి, ప్లాటినం కదా అని పారేయకుండా అద్దాల బీరువాలో పెట్టారు. ఇక్కడ హాయిగానే ఉంది, ఎవరూ కదిలించరు. మార్కుల మెమో కోసం వచ్చిన రోజు మాత్రం ఆ పిల్ల బీరువా ముందు ఆగి, చీటీ చదివింది. "ఖరాబైనదాన్ని పట్టుకొని కొట్లాడితినా," అని కళ్లు తుడుచుకుంది.

ఆమె వెనకాలే కొమురయ్య నేల ఊడుస్తున్నాడు. ఆమె కాళ్ల దగ్గర చీపురు ఆపాడు. "జరగు బిడ్డా," అన్నాడు.