ఎర్రజుట్టు పిట్ట ఇక లేదు

మ్యూజియంలో చచ్చిన పక్షులకు దూది కూరి, గాజుకళ్ళు పెట్టి, బతికున్నట్టు నిలబెట్టే ఆవిడను అందరూ దూదమ్మ అంటారు. ఆ పని నాన్న నేర్పిందే. ఆయన కొట్టి తెస్తే ఆమె కుట్టేది. మెట్ల దగ్గర ఇప్పటికీ ఆయన ఫొటో ఉంది: భుజాన తుపాకీ, కింద ‘ప్రకృతి ప్రేమికుడు’ అన్న బిరుదు. ఆ ప్రేమకు ఎన్ని పిట్టలు బలయ్యాయో అల్మారాలు తెరిస్తే తెలుస్తుంది.

రేపు ‘అంతరించిన జీవుల గది’ ప్రారంభం. గోడకు పెద్ద బోర్డు పెట్టారు, ఇవి ఎందుకు పోయాయని. అడవులు నరికారట, చిత్తడినేలలు పూడ్చారట, వేటగాళ్ళు చంపారట. మ్యూజియం మాత్రం ఏ పాపం ఎరగదు. గది నడుమ అద్దాల పెట్టెలో ఎర్రజుట్టు నీటిపిట్టల జంట ఉంటుంది. జనం వచ్చేది వాటి కోసమే.

పొద్దున్నే ఆడపిట్టకు ఊడిన కుట్టు వేద్దామని దూదమ్మ దాన్ని బల్ల మీద పెట్టుకుంది. అంతలో చిత్తడినేల కాపలాదారు పంపిన కవరు వచ్చింది. లోపల ఫొటో. రెల్లుగడ్డిలో ఎర్రజుట్టు పిట్ట, దాని వెనకే మూడు పిల్లలు! సంతోషం పట్టలేక ఆ పిల్లల్ని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది.

“ఇంకా అవలేదా అమ్మా? రేపు మంత్రిగారొస్తున్నారు!” అంటూ మ్యూజియం అధికారి ఊడిపడ్డాడు.

ఫొటోను దూది కిందికి తోసి, “మాటవరసకి అడుగుతున్నా సార్, ఇది ఎక్కడైనా ఒకటి బతికుంటే?” అంది.

ఆయన కళ్ళు మెరిశాయి. “అంత అదృష్టమా! వెంటనే తెప్పించేద్దాం. పిల్ల కూడా దొరికితే మన పెట్టె నిండుగా ఉంటుంది. బయటుంటే ఎవడో ఒకడు చంపేస్తాడు. ఇక్కడైతే భద్రం.”

ఆయన వెళ్ళాక దూదమ్మ పిట్ట కాలికున్న చీటీ తిప్పింది. ముప్ఫై ఏళ్ళుగా దులుపుతోందే గానీ చదవడం ఇదే మొదలు. నాన్న ముత్యాల్లాంటి రాత: ‘ఇక ఈ రెండే మిగిలాయి. ఇవీ పోకముందే తెచ్చి భద్రపరిచాను.’

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నాన్న మీద, అంతకంటే తన మీద. ఈ కుట్టు బాగా కుదిరిందని ఆయన మెచ్చుకున్న రోజు తను గాల్లో తేలిపోయింది మరి.

కాపలాదారుకు ఫోన్ చేసింది. “ఆ ఫొటో ఇంకెవరికైనా చూపించావా?”

“లేదమ్మా.”

“చూపించకు. అది మామూలు నీటికోడి.”

“కాదమ్మా, జుట్టు ఎర్రగా...”

“నీటికోడేనని నేను చెప్తున్నా కదా!”

అతను నవ్వాడు. “అవునమ్మా, నీటికోడే. సరిగ్గా చూళ్ళేదు.”

దూదమ్మ ఫొటోను మడిచి పిట్ట కడుపులో పెట్టి, పైన దూది కూరి, గట్టిగా కుట్టేసింది.

మర్నాడు అధికారి పెట్టె మీద చెయ్యేసి, “ప్రపంచంలో ఇంకెక్కడా లేదండీ ఈ పక్షి!” అని మంత్రిగారికి గర్వంగా చెప్పాడు. అందరికంటే గట్టిగా దూదమ్మే చప్పట్లు కొట్టింది.

అధికారి ఆమె వైపు తిరిగాడు. “ఈ రోజు మీ నాన్నగారు ఉండుంటేనా!”

“అమ్మో, వద్దు సార్” అంది దూదమ్మ, చప్పట్లు ఆపకుండానే.